తెలుసులే తెచ్చిన కేబుల్

"మళ్లీ ఒక్క లైనేనా?"

టీచరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వెనకవైపు ఏమైనా రాసి ఉందేమోనని ఆమె ఆశ. అక్కడా ఏమీ లేదు. ముందువైపు మాత్రం "కేబుల్ అంటే వైరు" అని ఉంది.

ఒక్కొక్కరికి ఒక్కో మాట ఇచ్చి, డిక్షనరీ చూసి పేజీ నిండా రాయమంది టీచరు. మిగతా పిల్లలు ఇంకా పేజీలు తిప్పుతూనే ఉన్నారు.

"ఆ మాటకి డిక్షనరీలో ఎన్ని అర్థాలున్నాయో చూశావా?"

"తెలుసులే టీచర్! మొదటిది చూశాను. వైరే!"

టీచరు నుదురు రుద్దుకుంది. "నిన్ను చూస్తే నాకే తల తిరుగుతోంది. రేపు మళ్లీ రాసుకురా."

ఆ పిల్లకు ఎవరి మాటా చివరిదాకా వినే అలవాటు లేదు. సగంలోనే "తెలుసులే" అనేస్తుంది. అందుకే క్లాసులోనూ ఇంట్లోనూ అందరూ ఆమెను 'తెలుసులే' అనే పిలుస్తారు.

ఆరోజు ఒంటిపూట బడి. ఇంటికొచ్చి అన్నం తిని లేచేసరికి తాతయ్య ఫోను మోగింది. తాతయ్య టీవీలో ఆట చూస్తున్నాడు. చివరి నిమిషాలు. కన్నార్పకుండానే ఫోను మనవరాలికి అందించాడు.

అటునుంచి అమ్మ. అమ్మ లిఫ్టులు బాగుచేస్తుంది.

"అమ్మలూ, కేబుల్ మరిచిపోయి వచ్చాను. వెనక వీధిలో ఎముకల డాక్టరుగారి బిల్డింగులో ఉన్నా. త్వరగా పట్రా. అది ఎక్కడుందంటే..."

"తెలుసులే అమ్మా!"

టక్కున ఫోను పెట్టేసింది. ఇంట్లో కేబుల్ అంటే ఇంకేముంది? టీవీ వెనక్కి దూరి, నల్లటి వైరును ఊడబీకింది.

తెర నల్లబడింది.

"ఓసి నీ... ఏం చేశావే!" తాతయ్య కుర్చీలోంచి లేచేలోగా తెలుసులే వీధి మలుపు తిరిగిపోయింది. వెనక ఫోను మళ్లీ మోగుతూనే ఉంది. కోపంలో తాతయ్య దాన్ని పట్టించుకోలేదు.

డాక్టరుగారి ఆసుపత్రి నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు కిందే ఆగిపోయింది. మెట్ల దగ్గర కాలికి కట్లతో, చేతికి కట్లతో జనం గుమిగూడి ఉన్నారు. అమ్మ చేతుల నిండా గ్రీజు.

తెలుసులే గర్వంగా వైరు చాచింది.

అమ్మ ఆ వైరును చూసింది. కూతుర్ని చూసింది. గట్టిగా ఊపిరి వదిలింది.

"ఇదేంటి?"

"కేబుల్! నువ్వే అడిగావు కదా!"

"అడిగాను. ఇలా రా." అమ్మ లిఫ్టు పైకప్పులో తెరిచిన మూతలోంచి పైకి చూపించింది. చీకట్లో లావుపాటి ఉక్కు తాళ్లు వేలాడుతున్నాయి. "లిఫ్టును మోసే వీటినీ కేబుల్ అనే అంటాం. పోనీ, వీటిని కూడా విప్పి ఇమ్మంటావా?"

తెలుసులే వైరును వెనక్కి దాచుకుంది.

"తాతయ్య టీవీ పోయింది, నా పనీ ఆగింది. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

మెట్టు మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. కాలికి మోకాలిదాకా పిండికట్టు. "అమ్మాయీ, ఈ వైరు పట్టుకుని నాలుగో అంతస్తుకి పాకమంటావా ఏంటి నన్ను?" అంది.

ఎవరో నవ్వారు. ముసలావిడ నవ్వలేదు. నొప్పికి పళ్లు బిగబట్టి ఉంది. అది చూసి తెలుసులే అమ్మ దగ్గరికి జరిగింది.

"ఎలా ఉంటుందమ్మా నీ కేబుల్?" మెల్లగా అడిగింది.

"లిఫ్టులో ఏం పాడైందో చూపించే పెట్టె ఉంది కదా, దానికి తగిలించేది. ఒక కొస వెడల్పుగా, చిన్న చిన్న పిన్నులతో ఉంటుంది. ఇంకో కొస గుండ్రంగా ఉంటుంది. మంచం కింద..."

"తెలు..." అని నోటిదాకా వచ్చింది. గుటక వేసి మింగేసింది.

"...పసుపు సంచిలో ఉంది. సంచి ఇంకోటి కూడా ఉంది, అది కాదు."

"ఒక కొస వెడల్పు, ఇంకోటి గుండ్రం. మంచం కింద, పసుపు సంచి. అంతేనా?"

అమ్మ ఒక్క క్షణం ఆమెను వింతగా చూసింది. "అంతే. పరిగెత్తు."

ఇంట్లో తాతయ్య మూతి ముడుచుకుని కూర్చున్నాడు. "ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట, నీలాంటివాడే!" అన్నాడు. ఆట ముగిసిపోయింది. ఎవరు గెలిచారో కూడా తెలియలేదు. తెలుసులే తల వంచుకుని వైరు తగిలించి, సంచి వెతికి, కొసలు రెండూ చూసుకుని మరీ పరిగెత్తింది.

కాసేపటికి లిఫ్టు గుర్రుమని కదిలింది. ముందుగా ముసలావిడను ఎక్కించారు. తలుపులు మూసుకునేముందు ఆవిడ "ఈసారి సరిగ్గానే తెచ్చావే!" అని గొణిగింది.

మర్నాడు బడికి వెళ్లేముందే తెలుసులే డిక్షనరీ మళ్లీ తెరిచింది. ఈసారి వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. లంగరును పట్టి ఉంచే మోకు కూడా కేబులే. సముద్రం అడుగున పరిచిన తీగ కూడా కేబులే. దానిమీద పంపే కబురు కూడా కేబులే! చివరి వరుసలో ఇంకో వింత ఉంది. ఆ మాట ఎప్పుడో పాతకాలపు లాటిన్‌లో పశువులను కట్టే తాడు పేరులోంచి పుట్టిందట. అంటే మన పలుపన్నమాట! పేజీ నిండింది. వెనకవైపుకి కూడా తిప్పాల్సి వచ్చింది.

సాయంత్రం ఆ కాగితం పట్టుకుని తాతయ్య పక్కన చేరింది. తాతయ్య ఇంకా అలకపాన్పు దిగలేదు.

"తాతయ్యా, కబురుని కూడా కేబుల్ అనేవాళ్లా?"

తాతయ్య ఓరగా చూశాడు. "అనకేం? నేను ఓడలో పనిచేసే రోజుల్లో నాకూ ఒకటి వచ్చింది. చెప్పినా నువ్వు వింటావా ఏమన్నానా?"

"వింటాను."

"పొడుగ్గా రాయడానికి వీల్లేదప్పుడు. 'ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.' అంతే. నడిసముద్రంలో ఆ చిన్న కాగితం పట్టుకుని డెక్కు మీద ఇటూ అటూ తిరిగాను, పిచ్చివాడిలా."

అమ్మ పుట్టిన కబురది! ఆ మాట తెలుసులే నాలుక చివరికి వచ్చేసింది. కానీ తాతయ్య కళ్లు ఇంకా ఎక్కడో సముద్రం మీదే ఉన్నాయి.

తెలుసులే ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"తర్వాత?" అని అడిగింది.