స్విచ్చి వెయ్యమన్న గొంతు

మధ్యాహ్నం మూడు దాటింది. వాన అప్పుడే వెలిసింది. ముద్దనూరు దాటి, పులివెందుల దోవలో నాలుగు మైళ్లు వచ్చినాక బస్సును పక్కకు తీసి నిలిపినారు. రెండు పక్కలా నల్లరేగడి చేన్లు నీళ్లు తాగి ఉబ్బినాయి. మనిషి జాడ లేదు.

బస్సంటే అందరూ ఎక్కే బస్సు కాదు. ఆంధ్రరాష్ట్రం వచ్చిన యేడు పెద్దన్న అనే ఆయన వేలంలో కొన్న పాత బండి. సీట్లు పీకేసి లోపల మంచం, పంపు స్టవ్వు, నీళ్ల కడవ పెట్టినాడు. వెనక భాగంలో మైకు సెట్టు, బల్బుల దండలు, ఒక ఫ్యాను, వరసగా బ్యాటరీలు, వాటి పక్కన కన్వర్టరు. కరెంటు లేని ఊర్లలో బ్యాటరీల కరెంటును ఇంటి కరెంటు మాదిరి మార్చి బల్బులు వెలిగించే మిషను అది. తిరనాళ్లకూ, నాటకాలకూ తిరుగుతా ఏడాదిలో ఆరు నెలలు సంసారమంతా ఆ బండిలోనే. జనం దాన్ని ఇల్లుబస్సు అనేవాళ్లు.

పెద్దన్న పోయి నాలుగేండ్లు. ఇప్పుడు అది ఆయన పెండ్లాం చిన్నసుబ్బమ్మదీ, కొడుకు వెంకటేశుదీ. వెంకటేశు ఆమెకు ఒక్కడే బిడ్డ. ఇరవై నాలుగేండ్లు.

పొద్దున జమ్మలమడుగులో పెండ్లి ముగించుకొని వస్తాంటే ముద్దనూరులో ఒకసారి కన్వర్టరు తిప్పి చూసినారు. తడికాళ్లతో దిగుతా చిన్నసుబ్బమ్మ తలుపు కమ్మీ పట్టుకుంటే చెయ్యి మోచేతి దాకా జివ్వుమనింది.

"ముట్టుకుంటే కరుస్తాంది వదినా, మా అత్త మాదిరి," అన్నాడు డ్రైవరు లాల్ బాషా. నవ్వింది ఆయన ఒక్కడే.

యాడో తీగ మీద రబ్బరు పోయి ఇనుముకు తగులుతాందన్నాడు వెంకటేశు. పులివెందులలో నాటకం. పిల్లోళ్లు బస్సు చుట్టూ మూగుతారు. అది పట్టుకోకుండా పొయ్యేదానికి లేదన్నాడు. చూస్తే తీగకు చుట్టే టేపు అయిపోయింది. లాల్ బాషా ఎదురొచ్చిన లారీ ఆపి ముద్దనూరుకు పోయినాడు.

వాడు బస్సు కింద తీగలు చూస్తాంటే పైన కన్వర్టరు స్విచ్చి దగ్గర కూచునేదానికి ఇంక తల్లి తప్ప ఎవరూ లేరు. వెంకటేశు ఆ మాట నోటితో అనలేదు. స్విచ్చి పలకను చూసి, ఆమెను చూసి, తల తిప్పుకున్నాడు.

"నేను వెయ్ అంటేనే వెయ్. తియ్ అంటే తియ్. ఊరికే చెయ్యి పెట్టాకు."

నాలుగేండ్లుగా ఆమెను ఆ స్విచ్చి ముట్టనియ్యలేదు వాడు.

అప్పుడు కొండాపురం దగ్గర. ఇట్లే పెద్దన్న బస్సు కింద దూరినాడు. ఆమె పైన కూచుంది. "వెయ్" అని వినపడింది. వేసింది. అంతే.

పెద్దన్న తల్లి నడివీధిలో నిలబడి, మొగుని మీదికి కరెంటు వదిలిన చెయ్యి ఇదేనని ఆమె కుడిచెయ్యి పట్టి ఊరందరికీ చూపించింది. ఆయనే వెయ్యమన్నాడని చిన్నసుబ్బమ్మ కనపడిన వాళ్లకంతా చెప్పుకుంది. వినేవాళ్లు తల ఊపి, పక్క వాళ్లను చూసేవాళ్లు. చెప్పుకునేది మానేసింది. తర్వాత మాటలే తగ్గిపోయినాయి ఆమెకు. వెంకటేశు మాత్రం ఒక్కనాడూ ఏమీ అనలేదు. అనుంటే బాగుండు అనుకునేది.

వాడు గోనెపట్ట పరుచుకొని బస్సు కింద దూరినాడు. ఆమె లోపల కూచుంది. వానకు కిటికీల మీద దించిన పట్టలు ఇంకా ఎత్తలేదు. పట్టపగలే లోపల మసక. బ్యాటరీల పుల్లటి వాసన గొంతులో గీరుకుంటాంది.

"వెయ్."

వేసింది. కన్వర్టరు గుర్రుమని తిరిగింది.

"తియ్."

"తీసినా," అంది.

అది బల్బుల తీగ. దాంట్లో తప్పు లేదు. మైకు తీగకు మళ్లీ అంతే. వెయ్ అన్నాడు, తియ్ అన్నాడు. ఇంక మిగిలింది ఫ్యాను తీగ.

కన్వర్టరు నిదానంగా తిరుగుడు తగ్గించుకొని నిలిచింది. కింద పట్టకారు చప్పుడు గూడా నిలిచింది. రేకు మీదనుంచి ఒక్కొక్క చుక్కా రాలుతాంది. తడిమన్ను వాసనలో ఏదో మాడిన రబ్బరు వాసన కలిసింది... ఇప్పటిది కాదది. ఎప్పటిదో.

"వెయ్."

చెయ్యి లేచింది. సగంలో నిలిచింది.

వాడి గొంతే. కానీ ఇంతసేపూ ఆ గొంతు బస్సు అడుగు పలకల కిందినుంచి, దూరంగా వచ్చింది. ఇది దగ్గరగా ఉంది. చెవి పక్కన.

"వెయ్ మా."

ఆమె కిందికి చెవి ఒగ్గింది.

"చెవుడొచ్చిందా... వెయ్."

బయట కాకి గూడా అరవలేదు.

"అప్పుడు వేసినావు కదా..."

నాలుగేండ్లు దాచుకున్న మాట. ఇట్ల అన్నాడా, తల్లిని. మంట లేచింది ఆమెకు. వేళ్లు స్విచ్చి మీదికి పోయినాయి. వేసి పారేద్దామనిపించింది. కన్ను మూసి తెరిచేంత సేపు.

వేళ్లు పక్కకు జరిగినాయి. స్పానరు తీసుకొని బ్యాటరీల తీగ బిగింపులు రెండు చివర్లా వదులు చేసి, తీగనే ఊడపీకింది. అది చేతిలో పట్టుకొని దిగి, వంగి చూసింది.

వెంకటేశు వెల్లకిలా పడుకోనుండాడు. ఎడంచేత్తో బస్సు ఇనుప కమ్మీ పట్టుకోనుండాడు. నోట్లో నల్లతీగ. పండ్లతో దాని రబ్బరు లాగుతాండాడు. తేలిన రాగి పెదవికి ఆనుకొని మెరుస్తాంది.

తల్లిని చూసి తీగ ఉమ్మేసినాడు. "ఏందిమా, దిగినావు?"

"పిలిచినావా?"

"నోట్లో తీగ పెట్టుకొని యెట్ల పిలుస్తా?"

ఆమె బురదలో కూలబడింది. పెద్దన్నను బయటికి లాగినప్పుడు ఆయన పండ్ల మధ్య నల్ల రబ్బరు ముక్క ఉన్నింది. తులసి తీర్థం పొయ్యాలని తనే వేలు పెట్టి తీసింది. ఆ నోరు వెయ్యమని యెట్ల అనింటుందని ఒక్కరూ అడగలేదు. ఆమెకూ తట్టలేదు. ఇన్నేండ్లూ తట్టలేదు.

"బ్యాటరీ తియ్యకుండా నోట్లో యెందుకు పెట్టుకుంటివి?" అంది.

వాడు వింతగా చూసినాడు. "నువ్వే కదా చెప్తివి. బ్యాటరీ ఊడదీసినా, నిదానంగా చేసుకో నాయనా అని. రెండుసార్లు చెప్తివి."

"నేనేం చెప్పలా."

వెంకటేశు పాకుతా బయటికి వచ్చినాడు. ఆమె చేతిలోని తీగను చూసినాడు. అది ఊడదీసింది ఇప్పుడేనని తెలిసి వాడి ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.

"నాయనకు గూడా..." అన్నాడు. మాట అక్కడే నిలిచింది.

తన తప్పు కాదనే ఆ మాట కోసమే నాలుగేండ్లు కాచుకుంది. వచ్చింది. మనసుకు చుక్కంత చల్లన గూడా కాలేదు.

బస్సు కింద గోనెపట్ట ఒక్కటే ఉంది. తీగ ఊగుతాంది. ఆ ఖాళీలోంచి, మెల్లగా...

"వెయ్..."

సగం వెంకటేశు గొంతు. సగం పెద్దన్న గొంతు. ఇద్దరూ విన్నారు.

లాల్ బాషా టేపు తెచ్చేసరికి తల్లీకొడుకులు రోడ్డు అవతల రాళ్ల మీద కూచోనుండారు. మరమ్మతు అయిందా అని అడిగినాడు.

"ఇంటికి తిప్పు, పొద్దుటూరుకు," అంది చిన్నసుబ్బమ్మ.

"నాటకమోళ్లు కాచుకోనుంటారు గదా వదినా..."

"తిప్పు."

ముగ్గురూ ముందరి సీట్లోనే ఇరుక్కొని కూచున్నారు. వెనక కన్వర్టరు తిరుగుతాండే శబ్దం ఎర్రగుంట్ల దాకా వినపడతానే ఉంది. లాల్ బాషా ఒకసారి వెనక్కి చూసి, ఇంక చూడలేదు. బ్యాటరీల తీగ ఆమె ఒళ్లోనే ఉంది.

దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరినారు. బస్సును వీధిలో వదిలి, వాకిట్లోకి వచ్చి నిలబడినారు. పేర్లు పెట్టి పిలవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. కొంగు పండ్ల మధ్య కరుచుకుంది. నోరు మెదపకుండా, చేత్తో తడిమి లెక్కపెట్టుకుంది. వెంకటేశు భుజం. లాల్ బాషా మోచెయ్యి. కడకు తన ఎద మీద చెయ్యి పెట్టుకుంది. ముగ్గురు. ముగ్గురూ వచ్చినారు.

అప్పుడు చీకటి బస్సులోంచి ఆమె గొంతే ఆ లెక్క పెడతా వినపడింది.

"ఒకటి..."

"రెండు..."

ముగ్గురూ కాచుకున్నారు.

మూడు అనలేదు.