సరైన జవాబు వస్తే

మొదటి రోజే ఇద్దరికీ గొడవ. ఆ కంప్యూటర్ క్లాసులో ఇద్దరికి ఒకటే కీబోర్డు. వాచీలు బాగుచేసే కుర్రాడు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కుతుంటే, పక్కన కూర్చున్న కళ్ళద్దాల షాపు అమ్మాయి ఓపిక నశించి కీబోర్డు తన వైపు లాక్కుంది.

"మీరిలా కొడితే కోర్సు అయ్యేసరికి మనకి జుట్టు నెరిసిపోతుంది," అంది.

ఆ 'మనకి' అన్న మాట పట్టుకుని అతను ఆ రాత్రంతా ఎక్కడెక్కడో తేలిపోయాడు. అప్పట్నుంచి క్లాసుకి వేళయిందా అని చేతికొచ్చిన ప్రతి వాచీలోనూ టైమ్ చూసుకోవడమే పని.

"అది ఆగిపోయిందనే కదరా బాగుకిచ్చారు, అందులో ఏం చూస్తావ్?" అని అక్క నవ్వేది.

ఇవాళ సాయంత్రం సన్నగా వాన. కిటికీ అద్దం మీద చినుకులు జారుతున్నాయి. మాస్టారు అంకెలాట రాయమన్నారు. కంప్యూటర్ ఒక అంకె దాచుకుంటుంది. మనం చెప్పింది పెద్దదో చిన్నదో అది చెబుతుంటే, అసలు అంకె కనుక్కోవాలి. అతను మొదటిసారి ఎవరి సాయం లేకుండా రాశాడు.

"రేపట్నుంచి నేను ఉదయం బ్యాచ్‌కి వెళ్తున్నా. షాపులో డ్యూటీ మార్చారు," అందామె మామూలుగా.

అతను కీబోర్డు ఆమె వైపు జరిపాడు. "ఆడి చూడండి," అని మాత్రం అనగలిగాడు.

ఆమె యాభై కొట్టింది. పెద్దదంది కంప్యూటర్. ముప్పై కొట్టింది. చిన్నదంది. ముప్పై ఏడు కొడితే ఏమీ అనకుండా మళ్ళీ అంకె అడిగింది. ఆమె దగ్గరికి జరిగి, అతను రాసిన వరసలన్నీ చదివింది.

"సరిగ్గా చెబితే ఏమనాలో రాయలేదే?"

"సరైన జవాబు వస్తుందనుకోలేదండీ."

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూశాక ఇక ఆగలేకపోయాడు.

"నేనూ ఉదయానికి మారితే మీకేమైనా ఇబ్బందా? పాఠాల కోసం కాదు. మీరు పక్కన లేకపోతే నాకేం తోచదు."

కోప్పడితే ఎలా సర్దుకోవాలో, నవ్వేస్తే ఎలా తప్పించుకోవాలో అన్నీ ముందే అనుకుని పెట్టుకున్నాడు.

"మారండి," అందామె తల దించుకుని. "నాకూ ఈ పక్కనే బావుంది."

అతను నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"దీనికీ ఏం రాసుకోలేదా?"

లేదన్నట్టు తలూపాడు.

ఆమె కీబోర్డు మెల్లగా అతని వైపు జరిపింది.

"నిదానంగా రాయండి. నాకిప్పుడు తొందరేం లేదు."