మల్లన్న బాటలో తెల్లరాయి

కొత్త చెప్పు కరవని కాలు భూప్రపంచంలో లేదు. సామ్రాజ్యాలు లేచి కూలాయి, శాస్త్రం చంద్రమండలం మీద అడుగుపెట్టి వచ్చింది. కొత్త తోలుకూ మనిషి మడమకూ మధ్య సంధి కుదిర్చిన మహనీయుడు మాత్రం ఇంతవరకూ అవతరించలేదు. ఈ సనాతన సత్యం 1999 ఫిబ్రవరిలో ఒక ఉదయం, మేడ్చల్ దాటి ద్రాక్షతోటల వెంట తూర్పుకు తిరిగిన కాసేపటికే, సీక్రెట్ ఏజెంట్ మధుసూదన్‌కు సంపూర్ణంగా బోధపడింది.

అతనికి కోపం వచ్చింది. నిజానికి అది ముందురోజు సాయంత్రం, చీఫ్ గదిలో బ్రీఫింగ్ అప్పటినుంచే వస్తూ ఉంది.

"టార్గెట్, ఒక ట్రాన్స్‌మిటర్," అన్నాడు చీఫ్. "లొకేషన్, మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే పాత కాలిబాట. గుర్తు, సున్నం వేసిన రాయి. పెట్టె దానికింద పాతారు. రేపు సాయంత్రం ఆరింటికి దానంతటదే సరిహద్దు దాటి మాట్లాడుతుంది."

"ఏం మాట్లాడుతుంది సర్?"

"సిద్దిరాములు గొంతుతో మాట్లాడుతుంది."

మధుసూదన్ కుర్చీలోంచి లేచాడు. సరిహద్దు అవతల ఒక సైనిక పట్టణంలో దర్జీ వేషంలో యూనిఫారాలు కుడుతున్న సిద్దిరాములు మన మనిషి. మధుసూదన్‌కు సొంత బావ. చెల్లెలు భవితకు తెలిసినంతవరకు ఆయన దుబాయిలో ఏసీలు బాగుచేస్తున్నాడు.

"అతను ఇండియాకు చేసిన ఫోన్ కాల్‌ను శత్రువుల గూఢచారి రింగ్ ఇక్కడ టేప్ చేసింది. ఆ గొంతు అటు చేరిందా, తెల్లారేసరికి మనిషి ఉండడు."

"ఎవరు చెప్పారు?"

"ఆమని. సరిగ్గా ఎక్కడ పాతారో తనకూ తెలియదట. బాట మొత్తంలో తెల్లరాయి ఒక్కటే ఉంటుందట."

"ఆమె డబుల్ ఏజెంట్ సర్. నమ్ముతున్నామా?"

"సగం నమ్ముతున్నాం. అందుకే నిన్నొక్కడినే పంపుతున్నాం."

జీపు కనిపిస్తే రింగ్ మనుషులు పెట్టెను మాయం చేస్తారు కనుక కాలినడక. కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకున్న భక్తుడి వేషం: నుదుట పసుపు బండారి, భుజాన గొంగడి, చేతిలో కర్ర. కుడి చెప్పు మడమలో డిటెక్టర్. పెట్టె దగ్గరికి వస్తే కీచుమంటుంది. కాకపోతే మనిషి బరువు మీద పడితేనే పనిచేస్తుంది. డిపార్ట్‌మెంట్ శాస్త్రజ్ఞుల చిరకాల తపఃఫలం అది. కరవడం దాని అదనపు ప్రజ్ఞ.

ఆ బాట కూడా సామాన్యమైనది కాదు. ఒకప్పుడు గొర్రెలమందలూ, ఎడ్లబండ్లూ, జాతర జనమూ పడమటి ఊళ్ల నుంచి కొమురవెల్లి దాకా రోజుల తరబడి సాగిన దారి. ఊరి నక్షాలో ఇప్పటికీ చుక్కల గీతగా బతికే ఉంది. నేల మీదే చచ్చిపోతోంది. ఒకచోట కోళ్లఫారం గోడ దాన్ని అడ్డంగా నరికింది. మరోచోట ఏ పెద్దమనిషో ముళ్లకంచె బిగించి, 'లోపలికి రావద్దు, కుక్కలున్నవి' అని బోర్డు పెట్టాడు. కుక్కలు నిజంగానే ఉన్నాయి; ఆ ఒక్క విషయంలో పెద్దమనిషి సత్యసంధుడు. తాతల నాటి నుంచి జనం నడిచిన దారిని ఎవడబ్బ సొమ్మని మూశారురా అని పళ్లు కొరుకుతూ, దేశరక్షకుడు కంచె కింద బోర్లా పాకాడు. గొంగడి సగం కంచెకే ఉండిపోయింది.

రాళ్లగుట్ట దగ్గర మేకలు కాస్తున్న బుచ్చమ్మ అనే ముసలమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"ఏ ఊరు కొడుకా?"

"మేడ్చల్ అవ్వా."

"మేడ్చల్ల ఎవలింటోనివి?"

డిపార్ట్‌మెంట్ అల్లిన కథలో ఊరుంది, పేరుంది, కులదైవం ఉన్నాడు. ఇల్లు లేదు. మధుసూదన్ దగ్గాడు.

"ఒక్కనివే పోతున్నవేంది? మల్లన్న కాడికి ఎవడన్న ఒక్కడు పోతడా? డోలు లేదు, బోనం లేదు, ఎంట ఇంటిది లేదు. అలిగి పోతున్నవా?"

"అవునవ్వా, అలిగిన." ఆ రోజు అతను పలికిన మొదటి సత్యం అది.

"అలుగు, ఎవలొద్దన్నరు? మొక్కుకున్నోనికి కాళ్లకు చెప్పులేందిరా? ఇడువు!"

"ముండ్లు గుచ్చుతయి అవ్వా."

"గుచ్చితేనే మొక్కు. గుచ్చకుంటే షికారు. ఇడుస్తవా, పిలవాల్నా మావోళ్లను?"

మొక్కు నడక వట్టికాళ్లతో నడవాలన్న సంగతి ఆ తోవలో మేకకు కూడా తెలుసు. విదేశీ సంకేతాలను ఛేదించే డిపార్ట్‌మెంట్‌కు తెలియలేదు. దేశపు అత్యంత రహస్యమైన చెప్పులను ఏజెంట్ కర్రకు వేలాడదీసుకుని కదిలాడు. తర్వాతి ప్రతి చేనులోనూ ఎవరో ఒకరు తలెత్తి అతని పాదాలకేసి చూసి గానీ మళ్లీ పనిలోకి వంగలేదు. ఇక నమ్ముకోవాల్సింది కళ్లనే. తెల్లరాయి ఒక్కటే కదా, అనుకున్నాడు. ప్రతి ముల్లు దగ్గరా చీఫ్‌ను ఒక కొత్త మాటతో స్మరించాడు. అరికాళ్లు మండుతున్నా ఆగలేదు. ఆగితే బావ గుర్తొస్తున్నాడు. పెళ్లిలో చెల్లెలి పక్కన కూర్చుని నవ్వు ఆపుకోలేక పురోహితుడితో తిట్లు తిన్న బావ.

పొద్దు వాలుతుండగా శామీర్‌పేట ముందరి మిట్ట ఎక్కాడు. కింద తెల్లరాయి కనిపించింది.

దాని పక్కన ఇంకొకటి. దాని వెనక వరస. ఆ వరస వెనక మరో వరస. చెరువుగట్టు దాకా బీడంతా సున్నం వేసిన రాళ్లే. మధ్యలో 'శ్రీ సౌభాగ్య ఎన్‌క్లేవ్' అని పెద్ద బ్యానర్. కొమురవెల్లి బాట అక్కడికొచ్చి ముప్పై అడుగుల రోడ్డుగా పునర్జన్మ ఎత్తింది.

ఆ రాళ్ల మధ్య నల్లకళ్లద్దాలు, పట్టుచీర, మట్టిలో దిగబడుతున్న హైహీల్స్. ఆమని. శత్రుదేశపు అధికారులు ఆమె కంటిసైగకు రహస్యాలు చెప్పేవారని ప్రతీతి. ఇప్పుడామె ఒక రాయిని కాలితో తన్నుతోంది.

మధుసూదన్ కోడ్ పలికాడు. "ఈసారి ద్రాక్ష ఎట్లుంది?"

"పులుపు తగ్గలేదు. రాయేది?"

"నన్నడుగుతున్నవా? ఒక్కటే ఉంటదన్నది నువ్వు!"

"నిన్నటిదాకా ఇక్కడ ఒక్కటే ఉంది!"

'ఇక్కడ' అన్న మాట దగ్గర మధుసూదన్ ఆగాడు.

"పాతిన చోటు తెల్వదని చెప్పినవ్ గదా చీఫ్‌కు?"

ఆమని కళ్లద్దాలు సర్దుకుంది. జవాబు చెప్పించే తీరిక అతనికి లేదు, ఆరు కావస్తోంది. చెప్పులు తొడుక్కుని రాయి రాయి దగ్గరా మడమతో భూమిని గుద్దుతూ పరుగెత్తాడు. ఒక్క కీచు లేదు. అప్పుడే తెల్ల చొక్కాలో, కుర్రకారు ఉత్సాహంతో ఒక మనిషి మోటార్ సైకిల్ దిగాడు.

"నమస్తే సార్, నమస్తే మేడం! నేను శేఖర్, వెంచర్ మనదే. గట్ల తన్ని చూడొద్దు సార్, భూమి మస్తు గట్టిది. మీ జంటకు ఈస్ట్ ఫేసింగ్ కార్నర్ బిట్ సరిపోతది."

ఉదయం నుంచి కూడబెట్టిన కోపమంతా మధుసూదన్ పిడికిట్లోకి వచ్చింది. శేఖర్ కాలర్ అందులో ఇరుక్కుంది.

"ఇక్కడ ముందునుంచి ఉన్న తెల్లరాయి ఏది? దాని కింద ఏమున్నది?"

శేఖర్ మొహం పాలిపోయింది. "అన్నా, గా సంగతి మీకెవలు చెప్పిండ్రు? ఒక్క రాయి కిందనే అన్నా! మిగతా ప్లాట్లకేం గాదు, అమ్మతోడు!"

"ఏం దొరికింది?"

"పొద్దున రోడ్డు తీస్తుంటే ఎల్లింది. నల్ల డబ్బా, రాగితీగలు, లోపల ఎర్రగ మినుకుమినుకుమంటాంది. బాణామతి అన్నా! పక్క వెంచరోళ్లే జేయించిండ్రు, మా గిరాకీ సూసి ఓర్వలేక. మంత్రాల సిద్దయ్య తాతను పిలిపించినం. చెరువుగట్టు మీద తీసేస్తుండు."

మధుసూదన్ పరుగెత్తాడు. ఆమని హైహీల్స్ విసిరేసి, అతన్ని దాటి పరుగెత్తింది.

గట్టు మీద పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయలు. నడుమ ముగ్గులో భారతదేశపు శత్రువుల అత్యాధునిక సాంకేతిక విజ్ఞానం, వేపాకుల దండతో. చుట్టూ మట్టిపని జనం. పెట్టె మీద ఎర్రదీపం వేగం పుంజుకుంది. సిద్దయ్య రెండు చేతులతో బూడిద గుమ్మడికాయ ఎత్తి, మంత్రం మధ్యలో ఉన్నాడు.

ఆమని హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. "ఎవరూ ముట్టుకోవద్దు! ఆ పెట్టె నాది!"

ఏ గూఢచారి శిక్షణలోనూ చెప్పని తప్పు అది. ఆ ప్రాంతంలో దొరికిన వస్తువును నాది అనొచ్చు. ముగ్గులో కూర్చున్న వస్తువును మాత్రం అనకూడదు.

"జేసింది నువ్వేనా!" సిద్దయ్య కళ్లు నిప్పులయ్యాయి. మంత్రం మిగతా సగం ఆయన గొంతులోనే ఆగింది, గుమ్మడికాయ ఆగలేదు. బలమంతా కూడదీసి పెట్టె మీద కొట్టాడు. దీపం ఒకసారి పెద్దగా వెలిగి, గుజ్జులో మునిగి ఆరిపోయింది. శామీర్‌పేటలో ఎక్కడో రేడియో ఆరు గంటల వార్తలు మొదలుపెట్టింది.

ఆమె ఆ దృశ్యం నుంచి తేరుకునేలోపు మధుసూదన్ కర్ర పిస్టల్‌ను చెరువులోకి పంపింది. ఆ వెంటనే అతను జనానికి అడ్డం తిరగాల్సి వచ్చింది. వాళ్ల చేతుల్లో పారలున్నాయి.

"ఎవలన్న చెయ్యేసిండ్రో, ఒక్కొక్కన్ని లోపలేయిస్త!" అతని అరుపుకు గట్టు మీద కొంగలు లేచిపోయాయి. "ఈమె మంత్రగత్తె గాదు. దొంగ. దొంగకు పోలీసులున్నరు, జైలున్నది. పారలు దించుండ్రి!"

పారలు దిగాయి. ఆమని అతని వీపు వెనక, జీవితంలో మొదటిసారి ఒక్క పక్షాన నిలబడింది.

మర్నాడు డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో పెట్టెలోంచి గుమ్మడిగింజలు ఏరి, లోపలి టేపు కడిగి, ఆరబెట్టి, యంత్రానికి ఎక్కించారు. కట్టు కట్టిన పాదాలను స్టూలు మీద పెట్టుకుని మధుసూదన్ చెవి ఒగ్గాడు. అన్నేళ్లకు బావ గొంతు వినబోతున్నాడు. చీఫ్ స్వయంగా బటన్ నొక్కాడు.

ఒక స్త్రీ గొంతు, ఎంతో మర్యాదగా, ముందు తెలుగులో, తర్వాత హిందీలో, ఆపైన ఇంగ్లీషులో, ఈ రూటులోని లైన్లన్నీ బిజీగా ఉన్నాయని చెప్పింది. టేపులో ఉన్నదంతా అదే.