ట్యూబు ముట్టుకున్న చెయ్యి

ఆళ్లగడ్డ చుట్టాలారా, మిమ్మల్నే అంటాండా. మా నాయన పొట్ట మీది గాయానికి చీము పట్టించబోయింది మీరే. మీకంటే ముందు నేను. అందుకే గట్టిగా అడుగుతాండా.

నాయన బట్టలకు అద్దకం వేసేవాడు. చెంబులో గుడ్డలు ఉడికించే కాస్టిక్ సోడా నీళ్లుంటే మంచినీళ్లనుకుని తాగినాడు. గొంతు లోపల కాలి, మానేటప్పుడు మూసుకుపోయింది. గంజి కూడా దిగదు. పొట్టకు కంత పెట్టి రబ్బరు ట్యూబు దూర్చి, దాంట్లో గంజి పోయాలన్నాడు నంద్యాల డాక్టరు. అది పంతొమ్మిది వందల నలభై ఆరు వానకాలం.

ఆపరేషన్ రోజు ట్రేలో ఆ ట్యూబు కనపడింది. ఎంత లావుందో చూద్దామని వేళ్లతో పట్టుకున్నా.

నర్సు కృపమ్మ చూసింది. ట్రే తీసుకుపోయి మళ్లీ ఉడకబెట్టింది. ఇంకో అరగంట ఆగాల. పేదోళ్లంటే ఇంత అలుసా అని సమ్మెలో మా మిల్లు గేటు ముందు అరిచినట్టు అరిచినా.

"అరుపు అయిపోయిందా? నీ వేళ్ల మురికి లోపలికి పోతే చీము పట్టి మీ నాయన బతకడు. సబ్బు ఆడ ఉంది. మోచేతుల దాకా రుద్దుకో."

నన్ను అట్లా అన్నవాళ్లు నంద్యాలలో లేరు. రుద్దుకున్నా. ఆ కండ్లు చూస్తా నాలుగుసార్లు రుద్దుకున్నా.

ఆపరేషన్ బాగా అయింది. ట్యూబు చుట్టూ స్పిరిట్‌తో తుడవడం, సల్ఫా పొడి చల్లడం, ఉడికించి ఆరేసిన గుడ్డ కట్టడం నాకే నేర్పింది. ఒకరోజు జోరున వాన. తడిసి ముద్దయి వచ్చి మళ్లీ చేతులు కడుగుతాంటే, ఈ పొద్దు కట్టు మార్చేది లేదు గదా అనింది.

"నువ్వు చూస్తావని."

కిటికీ వైపు తిరిగింది. నవ్వు మాత్రం చెంపలో దొరికిపోయింది.

అంతలో మీరు బండి కట్టుకుని ఆసుపత్రిలో దిగినారు. మన ఇంట్లో ఏ గాయానికైనా అహోబిలం స్వామి పసుపు అద్దడం ఆచారం. రంగనాయకమ్మత్త సగం కట్టు విప్పేసింది. నేను అడ్డం నిలబడితే, స్వామినే కాదంటావా, ఆ పిల్ల నీకేం మందు పెట్టిందిరా అని ఏడుపు. మీరంతా అత్త పక్కే.

కృపమ్మ వచ్చి నెమ్మదిగా చెప్పింది. "నుదుట పెట్టమ్మా. స్వామికి ఆడనుంచి కూడా కనపడతాడు మీ అన్న."

అత్త ఏడుస్తానే నవ్వేసింది. పసుపు నుదుటికి పోయింది. గాయం మళ్లీ తుడిచి కొత్త కట్టు కట్టినాం. జ్వరం వస్తుందేమోనని మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు. జ్వరం రాలేదు. గాయం పొడిగా, ఎర్రటి చీమంత కూడా వాపు లేకుండా మానింది.

ఇంటికి పంపేరోజు చేతులు చూపించమనింది. గోళ్లు చూసి, నా చెయ్యి వదల్లేదు.

"నన్ను చేసుకుంటావా?" అన్నా.

"నాకిష్టమే. మా నాయన్ను ఒప్పించుకో."

మా నాయన మంచం మీదనుంచే అన్నాడు, నా పొట్ట కాచింది, నీ నోరు కూడా ఆ పిల్లే కాయాల అని.

కిరస్తానీ పిల్ల, మతం వేరు అని గొణుగుతాండారు మీరు. ఆళ్లగడ్డ మనిషి, గొడవలోడు అని గొణుగుతాండాడు ఆమె నాయన మత్తయి. గొణుగుడు చాలు. అత్తా, ఈ ఆదివారం నంద్యాలకు పోయి పిల్లను నువ్వే అడగాల. మత్తయి గారూ, మీకూ ఇదే మాట: తలుపు తీసి, మా అత్తను కూర్చోబెట్టి, పెళ్లి ఏ రోజో ఆ పొద్దే చెప్పండి.