వంతెన కింది హారన్

రైలు వంతెన కింది దారికి మంచి పేరు లేదు. పగలు చూస్తే అందులో భయపడాల్సిందేమీ కనిపించదు. రెండు పక్కలా నాచు పట్టిన గోడలు, నెత్తిమీద ఇనుప దూలాలు, మధ్యలో గిన్నెలా లోతుగా దిగి మళ్ళీ పైకెక్కే రోడ్డు... అంతే. కానీ వాన పడిందంటే చుట్టుపక్కల నీళ్ళన్నీ అక్కడికే చేరతాయి.

ఎప్పుడో ఒక వాన రాత్రి ఒక కుర్రాడు కారుతో సహా ఆ నీళ్ళలో ఇరుక్కుపోయాడట. తెల్లవార్లూ హారన్ కొడుతూనే ఉన్నాడట. దగ్గర ఇళ్ళవాళ్ళు, ఎవడో తాగి గోల చేస్తున్నాడని విసుక్కుని, కిటికీలు మూసుకుని పడుకున్నారట. పొద్దున వెళ్ళి చూస్తే ప్రాణం లేదట. అప్పట్నించీ వాన రాత్రి అటువైపు నుంచి హారన్ వినిపిస్తే చాలు, ఎక్కడివాళ్ళక్కడ తలుపులు బిగించుకునేవారు.

ఈ కబుర్లు వింటే మెకానిక్‌కి ఒళ్ళుమంట. వంతెన పక్కన, రోడ్డు మలుపులోనే అతని షెడ్డు. "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. వైర్లలోకి నీళ్ళు దూరితే కారు దానంతటదే హారన్ కొడుతుంది, లైట్లు వేస్తుంది. బ్యాటరీ తీగ పీకేస్తే ఎంతటి దెయ్యమైనా నోరు మూసుకుంటుంది" అని వచ్చినవాళ్ళందరికీ పాఠం చెప్పేవాడు. దెయ్యాన్ని నమ్మినవాళ్ళూ అక్కడికి వెళ్ళి చూడలేదు, నమ్మని ఇతనూ వెళ్ళి చూడలేదు. తేడా ఏమిటంటే, ఇతను హాయిగా నిద్రపోయేవాడు.

ఆ రాత్రి వాన అప్పుడే తెరిపిచ్చింది. మెకానిక్ షెడ్డు మూయబోతుండగా ఒకావిడ తడిసి ముద్దయి వచ్చి నిలబడింది. ఆ పేటలో బడిపిల్లలకి పాఠాలు చెప్పే టీచరు. నీళ్ళు ఇంత లోతుంటాయనుకోలేదట. కారు వంతెన కింద ఆగిపోతే, దిగి నడిచి వచ్చిందట.

"ఆగిపోయాక మళ్ళీ తాళం తిప్పారా?" అన్నాడు మెకానిక్.

"ఒక్కసారి తిప్పానన్నా. టక్కుమంది, అంతే."

"అక్కడితో ఆపి బతికించారు. ఇంకో రెండు మూడుసార్లు తిప్పుంటే లోపలి రాడ్లు వంగిపోయేవి. ఇంజను గాలి పీల్చాలి గానీ నీళ్ళు తాగకూడదు టీచరమ్మా."

ఆమె ధ్యాస కారు మీద లేదు. ఫోను చెవికి పెట్టుకుంటోంది, తీస్తోంది. "నాన్నకి ఫోన్ చేసి ఇరుక్కుపోయానని చెప్పాను. నేను వస్తున్నా ఉండమ్మా అని తన కారు తీశాడు. మా ఇల్లు వంతెనకి అవతల. ఇప్పుడేమో ఎత్తడం లేదు..."

"ఆ నీళ్ళు చూసి వెనక్కి తిరిగుంటారు. పెద్దాయన, ఆమాత్రం తెలీదా?" అని తేలిగ్గా అనేసి, మెకానిక్ తన పాత జీపు తీశాడు.

టీచరు కారు ఈ చివర వాలులోనే ఆగి ఉంది. ముందు లైట్లు నీళ్ళలో మునిగాయి. దానికి అవతలంతా చీకటి. మెకానిక్ వంగి తాడు కడుతుండగా—

పా...మ్.

టీచరు అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. "అన్నా... అది..."

"మీ కారే. వైర్లు తడిశాయి" అన్నాడు. ఆ గోడల మధ్య ఏ చప్పుడు ఎటునుంచి వస్తోందో ఎవరికీ తెలియదు. అతనికీ తెలియదు. అయినా తెలిసినట్టే అన్నాడు.

జీపుతో కారుని పైకి, పొడి రోడ్డు మీదికి లాగాడు. బానెట్ ఎత్తి, అన్నిటికంటే ముందు బ్యాటరీ తీగలు విప్పాడు. బ్యాటరీని ఎత్తి పక్కన నేలమీద పెట్టాడు. హారన్ ఆగిపోయింది.

"చూశారా? ఇదే మీ దెయ్యం."

తర్వాత ప్లగ్గులు ఊడదీసి, స్పానర్ వేసి ఇంజన్ని చేత్తో మెల్లగా తిప్పాడు. ప్లగ్గుల కన్నాల్లోంచి నీళ్ళు పుక్కిలించి ఉమ్మినట్టు బయటికి వచ్చాయి. ఎక్కడా పట్టెయ్యకుండా తిరిగింది. రేపు నూనె మార్చి ఆరబెడితే చాలు, ఇంజను దక్కింది. మెకానిక్‌కి హుషారొచ్చి ఈల వెయ్యబోయాడు.

పా...మ్.

అతని చెయ్యి ఆగిపోయింది. బ్యాటరీ వైపు చూశాడు. అది నేలమీదే ఉంది... తీగలు కారులో ఉన్నాయి.

పా...మ్. పా...మ్.

కింద నుంచి. నీళ్ళలోంచి.

ఇన్నేళ్ళుగా అందరికీ చెప్పిన పాఠం ఇప్పుడు అతనికే అక్కరకు రాలేదు. జీపెక్కి వెళ్ళిపోదామనిపించింది. నిజంగానే ఒక అడుగు అటు వేశాడు కూడా.

టీచరు మాత్రం నీళ్ళ వైపు నడిచింది. "నాన్న" అంది, గొణుగుతున్నట్టు. "అన్నా, మా నాన్న అటువైపు నుంచి దిగాడు."

అప్పుడు అర్థమైంది మెకానిక్‌కి. తాడు ఒక కొస జీపుకి, రెండో కొస తన నడుముకి బిగించుకున్నాడు. చక్రాల పానా, టార్చి పట్టుకుని దిగాడు. మోకాళ్ళు, నడుము, ఛాతీ... నీళ్ళు మంచులా ఉన్నాయి. హారన్ ఆగడం లేదు. ఆ చప్పుడు పట్టుకునే నడిచాడు.

దారి మధ్యలో, అన్నిటికన్నా లోతైన చోట, ఒక కారు ముక్కు కిందికి పెట్టి మునిగి ఉంది. వెనక అద్దం మాత్రమే పైకి తేలి ఉంది. టార్చి వెలుగు పడగానే హారన్ ఆగింది. అద్దానికి లోపలినుంచి ఒక అరచెయ్యి ఆనించి ఉంది.

పానాతో అద్దం పగలగొట్టాడు. పెద్దాయన్ని చంకల కింద చేతులేసి బయటికి లాగి, వీపున వేసుకుని, తాడు పట్టుకుని ఒడ్డుకి వచ్చాడు. టీచరు తండ్రిని పట్టుకుని ఏడుస్తూనే తిట్టింది. "ఎవరు రమ్మన్నారు నిన్ను? కారు పోతే పోయింది, నిన్ను రమ్మన్నానా నేను?"

మెకానిక్ రోడ్డు మీద చతికిలబడ్డాడు. ఇన్ని వానాకాలాల్లో ఎన్ని హారన్లు విన్నాడో, ఎన్నిటిని వైర్ల మీదికి తోసేసి అటు తిరిగి పడుకున్నాడో లెక్కపెట్టబోయి మానేశాడు.

"హారన్ వదలకుండా కొట్టి మంచి పని చేశారు పెద్దాయనా" అన్నాడు. "లేకపోతే ఈ కారు లాక్కుని వెళ్ళిపోయేవాణ్ణి."

పెద్దాయన పళ్ళు టకటకమంటున్నాయి. "నేనెక్కడ కొట్టాను బాబూ? ముందు సీటు మునిగిపోతుంటే వెనక్కి పాకేశాను. కొట్టింది ఆ అబ్బాయి."

"ఏ అబ్బాయి నాన్నా? నువ్వొక్కడివే కదా వచ్చింది?"

"ముందు కూర్చున్నాడే... ఎప్పుడెక్కాడో నేనూ చూళ్ళేదమ్మా. 'మీరు వెనక్కి వెళ్ళండి, నేను కొడుతుంటాను, ఈసారి ఎవరో ఒకరు వస్తారు' అన్నాడు. నీళ్ళు నెత్తిమీదికి వచ్చినా చెయ్యి తియ్యలేదు." ఆయన వణుకుతూనే చీకట్లోకి చూశాడు. "ఇంకా అందులోనే ఉన్నాడు బాబూ. పాపం, అతన్ని కూడా తీసుకురండి."