సెలవునాటి జడ్జి గారు

శాలేమురాజు డిటెక్టివ్ ఆఫీసు తెనాలి బోసు రోడ్డులో ఒక టిఫిన్ హోటలు పైన ఉంది. అక్కడికి మెట్లెక్కి వచ్చేవాళ్లలో సగం మంది పెళ్లి సంబంధాల వాకబు కోసం వస్తారు. మిగతా సగం మంది దారి తప్పి టిఫిన్ కోసం వస్తారు. ఆ రోజు వచ్చిన కుమారి ఈ రెండు రకాల్లోనూ లేదు. గుమ్మంలో నిలబడి, వెనక ఎవరైనా వస్తున్నారేమోనని మెట్ల వైపు చూసుకుంటోంది. ప్రశాంతి ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

ప్రశాంతి లా చదివి, ప్రాక్టీసు మానేసి, శాలేమురాజు దగ్గర అసిస్టెంటుగా చేరింది. ఇంట్లోవాళ్లు ఇప్పటికీ ఆ సంగతి బంధువులకు చెప్పుకోలేకపోతున్నారు. ఆమెకు మాత్రం ఆయన పట్టుకోలేని అబద్ధం ఈ డెల్టాలో ఇంకా పుట్టలేదని గట్టి నమ్మకం.

"మా ఆయన్ని జైల్లో పెట్టారండి. సొంత అన్నయ్యనే చంపాడంట" అంది కుమారి. ఆ మాట అని ఇక తట్టుకోలేకపోయింది.

ఆమె ఏడుస్తూ చెప్పింది ఇదీ. గుడ్ ఫ్రైడే నాడు పొద్దున నిజాంపట్నంలో శివరామయ్య ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా పైపు పగిలింది. ఆ గదిలో ఉన్నది అన్నదమ్ములిద్దరే. అన్న సామ్యేలు, తమ్ముడు వినయ్ కుమార్. వినయ్ బయటపడ్డాడు. సామ్యేలు గొంతూ ఊపిరితిత్తులూ కాలిపోయి రేపల్లెలో ఒక నర్సింగ్ హోములో పడ్డాడు. పండక్కి సెలవివ్వలేదన్న కోపంతో వినయే స్పానరుతో వాల్వు పగలగొట్టాడని ఓనరు కేసు పెట్టాడు. ముందురోజు సెలవు కోసం వినయ్ గొడవపడిన మాట నిజమే. అది పదిమందీ చూశారు.

"మా బావగారికి మాట ఉందండి అప్పటికి. ఏం జరిగిందో జడ్జి గారికే చెబుతానన్నాడు. పోలీసులకి చెబితే ముందు ఓనరు చెవిన పడుద్దని భయం. డాక్టరు గారు బాపట్ల జడ్జి గారికి కబురు పెట్టారు. దార్లో ఉండగా ఎవరో ఫోన్లో పేషెంటుని తెనాలి తీసుకెళ్లారని చెప్పి ఆయన్ని తిప్పేశారు. ఆయన తెనాలంతా వెతికి వెనక్కొచ్చేసరికి మా బావగారి గొంతు పూడుకుపోయింది. సాయంత్రానికి పోయాడండి."

"ఆ ఫోను ఎవరిదో తెలిస్తే నీకేంటమ్మా లాభం?" అని అడిగాడు శాలేమురాజు.

"ఓనరు మనిషే అయ్యుంటాడు కదండి! తప్పు లేకపోతే జడ్జి గార్ని ఎందుకు ఆపిస్తాడు? అది రుజువైతే మా ఆయనకి బెయిలొస్తదని లాయరు గారన్నారు. సోమవారమే వాయిదా."

నర్సింగ్ హోములో మాత్రం నేరం నర్సు ప్రమీలారాణి మీద పడింది. కౌంటరు ఫోను చూసుకునేది ఆమే. డాక్టరు ఆమెను ఉద్యోగంలోంచి తీసేశాడు. సోమవారంలోగా అసలు మనిషి తేలకపోతే ఆమె మీద పోలీసు కంప్లైంటు కూడా ఇస్తానన్నాడు.

"సార్, రేపల్లెలోనే మేజిస్ట్రేటు ఉన్నారు కదా! బాపట్ల నుంచి రావడమేంటి?" అంది ప్రశాంతి, కుమారి వెళ్లిపోయాక.

శాలేమురాజు నిట్టూర్చాడు. కోర్టులకు సెలవులుంటాయి గాని చావులకు ఉండవు. అందుకని సెలవు రోజుల్లో అర్జంటు పనులు చూడ్డానికి ఆ చుట్టుపక్కల మేజిస్ట్రేట్లు వంతులు వేసుకుంటారు. ఈ గుడ్ ఫ్రైడే వంతు రేపల్లె మేజిస్ట్రేటు జ్యోత్స్న గారిది. ఆమె ఇల్లు నర్సింగ్ హోముకు రెండు వీధుల అవతలే. కానీ ఆమె క్రైస్తవురాలు. అందుకని గుడ్ ఫ్రైడే, క్రిస్మసు వంతులు బాపట్ల మేజిస్ట్రేటు తీసుకుంటాడు. బదులుగా ఆయన ఉగాది, వినాయక చవితి వంతులు ఈమె చూస్తుంది. ఎవరి పండగ వాళ్లు ఇంట్లో చేసుకోవాలని ఇద్దరూ మంచి మనసుతో చేసుకున్న ఏర్పాటు. ఏడాదికేడాది సాఫీగా సాగిపోయింది కూడా. మారిన సంగతి ముందే పోలీసు స్టేషన్లకూ ఆసుపత్రులకూ తెలియజేస్తారు. బయటి జనానికి అది తెలియాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు.

"ఆ మంచితనం లేకపోతే ఆవిడ నడిచివెళ్లి మరణ వాంగ్మూలం రాసుకుని ఉండేది" అన్నాడు శాలేమురాజు.

మర్నాడు ఇద్దరూ బాపట్ల వెళ్లారు. మేజిస్ట్రేటు గారి అటెండరు యలమంద గేటు దగ్గర మొక్కలకు నీళ్లు పెడుతున్నాడు. ఆ రోజు కారులోంచి ఫోను చేసింది అతనే.

"కర్లపాలెం దాటాక చేశానండి, దారి కనుక్కుందామని. శానాసేపు మోగింది. ఆడమనిషి ఎత్తింది. నర్సమ్మే అనుకున్నా."

"ఏమందో ఉన్నదున్నట్టు చెప్పగలవా యలమందా?"

"జడ్జి గారు వస్తన్నారు అన్నానండి. 'జడ్జమ్మ గారు చర్చిలో ఉన్నారుగా, ఇంకో జడ్జి గారెవరు?' అంది. బాపట్ల నుంచి వస్తన్నాం అన్నా. కాసేపు పలకలేదు. ఆనక, 'పిల్లోడు బానే ఉన్నాడయ్యా, తెనాలి తీసకపోయారు, మీరిటు రావద్దు' అని పెట్టేసింది. అయ్యగారితో అదే చెప్పా. ఆయన కారు తిప్పమన్నారు." యలమంద పైపు కింద పడేశాడు. "ఆ అబ్బాయి ఉసురు నాకు తగులుద్దంటారా సార్?"

శాలేమురాజు అతని భుజం తట్టాడు గాని, తగలదని చెప్పలేదు.

రేపల్లెలో ప్రమీలారాణి తన ఇంటి వసారాలో కూర్చుని ఉంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"బాపట్ల ఆయన డ్యూటీ అని నాకు పొద్దున్నే తెలుసు బాబాయి గారూ. డాక్టరు గారు చెబితే వాళ్లింటికి ఫోను చేసి రమ్మన్నది నేనే. రమ్మని నేనే రావద్దంటానా? అప్పుడు నేను కింద ఆక్సిజన్ సిలిండరు కోసం పోయా. నన్ను చూసినవాళ్లు లేరు. పండగని స్టాఫంతా సెలవు."

"ఫ్యాక్టరీ వాళ్లెవరైనా వచ్చారా?"

"మేనేజరు వచ్చి గేటు దగ్గరే నిలబడి వెళ్లిపోయాడు. ఆడవాళ్లెవరూ వెంట లేరు."

ప్రశాంతి చెవులు నిక్కబొడుచుకుంది. మేనేజరు ఎవరో ఆడమనిషి చేత చేయించాడని ఆమె అప్పుడే తేల్చేసుకుంది. శాలేమురాజు మాత్రం లేచి, పక్క పేటలో ఉన్న సామ్యేలు తల్లి కాంతమ్మ ఇంటికి దారి తీశాడు.

కాంతమ్మ గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. వచ్చినవాళ్లను చూసి లేవబోయింది. శాలేమురాజు వద్దని వారించి, ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. గోడ మీద ఆమె భర్త ఫోటో ఉంది.

"ఆయనా కాలిపోయే చచ్చాడు నాయనా, బోటింజను మంటల్లో" అంది ఆమె. "రెండు రోజులు బానే మాట్లాడాడు. జావ కూడా తాగాడు. అప్పుడు జడ్జి గారొచ్చి పక్కన కూచుని అంతా రాసుకున్నారు. ఆయన కలం మూశారు, ఈయన కళ్లు మూశాడు. మా పేటలో ఎవర్నడిగినా చెబుతారు. జడ్జి గారొచ్చి పోయాక లేచినోడు లేడు."

"గుడ్ ఫ్రైడే నాడు నువ్వెక్కడున్నావమ్మా?"

"చర్చిలోనే. మధ్యాన్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన ఉంటదిగా. కొడుకు కోసం మోకరించి కూచున్నా. అంతా అయ్యాకే ఆసుపత్రికెళ్లా. అప్పటికే వాడికి మాట పోయింది."

"జ్యోత్స్న గారు కూడా వచ్చారా ఆరాధనకి?"

"వచ్చారు. ఆడవాళ్ల వైపు నా ముందు వరసలోనే కూచున్నారు." కాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒక్కటే దాహం నాయనా వాడికి. అమ్మా దాహం, అమ్మా దాహం అని. చెంచాతో తడుపుతా ఉంటే..."

శాలేమురాజు తల వంచుకున్నాడు. లేచి నమస్కారం పెట్టి బయటికి వచ్చేశాడు. తెనాలి బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

చుండూరు దాటాక అన్నాడు. "ఈ కేసు తేలకుండా ఉంటే బాగుండేది అమ్మాయ్."

"తెలిసిపోయిందా సార్? మేనేజరేనా?"

"ఆదివారం నర్సింగ్ హోముకి అందర్నీ రమ్మను. చెప్పకపోతే ప్రమీలారాణి బతుకు పోతుంది. చెబితే..." అని ఆపేశాడు.

ఆదివారం మధ్యాహ్నం డాక్టరు సాయి కిరణ్ గదిలో అందరూ సర్దుకుని కూర్చున్నారు. ప్రమీలారాణి, యలమంద ఒక పక్క. కుమారి, కాంతమ్మ ఒక పక్క. కుమారి ముఖంలో ఆశ చూడలేక ప్రశాంతి ఫ్యాను వైపు చూస్తూ కూర్చుంది.

"ఫోను ఎత్తిన మనిషికి ఇంకో జడ్జి గారు వస్తున్నారంటే ఆశ్చర్యమేసింది" అని మొదలుపెట్టాడు శాలేమురాజు. "ప్రమీలారాణికి ఆశ్చర్యమెందుకు? బాపట్లకి కబురు పెట్టిందే ఆమె. డ్యూటీ మారిన సంగతి తెలియని మనిషి ఎత్తింది. పైగా జ్యోత్స్న గారు ఆ వేళకి చర్చిలో ఉన్నారని కళ్లారా చూసిన మనిషి. అంటే ఆరాధన మధ్యలో లేచి ఇక్కడికి వచ్చిన మనిషి. శివరామయ్య మనుషులెవరూ ఆ రోజు చర్చి గడప తొక్కలేదు."

కుమారి ముఖం వాడిపోసాగింది.

"ఆ మనిషి పేషెంటు అనలేదు. పిల్లోడు అంది. ఆ తర్వాత ఇంకొకటి. ఆరాధన అయ్యేసరికి సామ్యేలుకి మాట పోయింది. మరి దాహం అన్న మాట విన్నవాళ్లు అంతకుముందే మంచం పక్కన ఉండాలి కదా." ఆయన గొంతు తగ్గించాడు. "కాంతమ్మా, చర్చిలో జడ్జమ్మ గారిని చూసి నీ మనసు కుదుటపడింది. జడ్జి గారిక్కడుంటే నా బిడ్డ దగ్గరికి ఎవరూ రారు, రాకపోతే వాడు పోడు అనుకున్నావు. ధైర్యం చేసుకుని కొడుకుని చూడ్డానికి వచ్చావు. అప్పుడు ఫోను మోగింది."

కాంతమ్మ నెమ్మదిగా తలూపింది.

"ఆయనకి జరిగింది కళ్లారా చూశా నాయనా. జడ్జి గారు రాకపోతే నా బిడ్డ లేస్తాడనుకున్నా. తెనాలి అన్న మాట అప్పటికప్పుడు నోట్లోకొచ్చింది."

"అత్తమ్మా!" అని అరిచింది కుమారి. "బావగారు ఏం చెప్పేవాడో తెలిస్తే మీ రెండో కొడుకు ఇంట్లో ఉండేవాడు!"

"నాకు చెప్పాడు" అంది కాంతమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"తమ్ముడు ముట్టుకోలేదమ్మా అన్నాడు. పైపు పాతది, తుప్పు పట్టింది, ఓనరుకి చెప్పినా మార్చలేదు, అదే పగిలింది అన్నాడు. జడ్జి గారేరీ అన్నాడు. నాకెందుకురా చెబుతావు, లేచాక నువ్వే చెబుదువుగాని అన్నా. మంచినీళ్లు తడిపా. అంతే."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదండి?" అంది ప్రశాంతి ఆగలేక.

"చెబితే అప్పుడక్కడ ఉన్నానని తెలిసిపోద్దిగా తల్లీ."

శాలేమురాజు కుర్చీలో వెనక్కి వాలాడు. గెలిచిన మనిషి ముఖం కాదది. ఇక ఆ మాట కోర్టులో చెప్పొచ్చు, చట్టం వద్దనదు. కానీ చెప్పేది ముద్దాయి తల్లి. చర్చిలో ఉన్నానని అబద్ధమాడిన మనిషి, జడ్జి గారిని వెనక్కి తిప్పిన మనిషి. పెద్దవాడు నిజం చెబితే చిన్నవాడు ఇరుక్కుంటాడనే జడ్జిని ఆపిందని శివరామయ్య లాయరు అనడానికి ఒక్క నిమిషం పట్టదు. ప్రశాంతి కూడా లా చదివిన పిల్లే. బెయిలు ఆపడానికి ఆ వాదన చాలని ఆమెకూ తెలుసు.

ప్రమీలారాణి లేచి వెళ్లి కాంతమ్మ పక్కన కూర్చుంది. "ఇది ఈ గదిలోనే ఉంచుదాం బాబాయి గారూ. నా ఉద్యోగం పోతే పోయింది" అంది. ఆ మాట నిలబడేదే కాదని అందరికీ తెలుసు.

యలమంద చేతులు నలుపుకున్నాడు. "అయ్యగారు అడిగితే నేను అబద్ధం చెప్పలేనండి. అడుగుతారు కూడా."

ఆయన అడిగాడు. యలమంద చెప్పాడు. సోమవారం కోర్టులో శివరామయ్య లాయరు సరిగ్గా ఆ మాటలే అన్నాడు. కాంతమ్మ బోనెక్కి ఒట్టు పెట్టుకుని చెబుతానంది. విచారణలో చూద్దాం కూర్చోమన్నారు. బెయిలు రాలేదు. ప్రమీలారాణికి ఉద్యోగం తిరిగి వచ్చింది. శాలేమురాజు కుమారి దగ్గర ఫీజు తీసుకోలేదు. ఆ వారమంతా టిఫిన్ కోసం దారి తప్పి వచ్చినవాళ్లను కూడా కసురుకున్నాడు.

ఆ ఏడు క్రిస్మసు వంతు జ్యోత్స్న గారు ఎవరికీ ఇవ్వలేదు. తన పేరే వేయించుకుంది. పండగ పొద్దున ప్రశాంతి, కుమారి కోసం కేకు తీసుకుని రేపల్లె వెళ్తే ఇంట్లో కాంతమ్మ లేదు.

"సెలవొస్తే చాలు, జడ్జమ్మ గారి గేటు దగ్గరికి పోతదండి" అంది కుమారి. విచారణ ఇంకా మొదలే కాలేదు. ఆమె గొంతులో కోపం కూడా మిగల్లేదు.

ప్రశాంతి ఆ వీధికి వెళ్లింది. చర్చిలో పాటలు వినబడుతున్నాయి. జ్యోత్స్న గారు పండగ చీర కట్టుకుని, ఫోను పక్కన పెట్టుకుని, వరండాలో ఒక్కతే కూర్చుని ఉంది. గేటు ఊచలు పట్టుకుని కాంతమ్మ నిలబడి ఉంది.

"ఇయ్యాల డ్యూటీ ఎవరిదమ్మా?"

"నాదేనమ్మా."

"మా పెద్దోడు ఒక మాట చెప్పమన్నాడు. రాసుకోండి తల్లీ."

ఆ కేసు ఆమె కోర్టుది కాదు. చెప్పాల్సిన మనిషి పోయి ఎనిమిది నెలలైంది. అయినా జ్యోత్స్న గారు లేచి వచ్చి గేటు తీసింది. తమ్ముడు ముట్టుకోలేదమ్మా అని మొదలుపెట్టి కాంతమ్మ, ఎక్కడా తడబడకుండా, ఒక్కో మాటా రాసుకోవడానికి వీలుగా ఆగి ఆగి చెబుతోంది. జ్యోత్స్న గారు రెండు చేతులూ కట్టుకుని వింటోంది. ఆమె చేతిలో కలం లేదు.