ఎర్ర మీట

విమానం నడపడం ఆటగా నేర్పే ఏడో ఎగురుపెట్టెలో పదకొండేళ్ల చేతన ఉత్తుత్తివిమానాన్ని దింపుతోంది. గాలి పక్కనుంచి కొడుతోంది. పరీక్షకురాలు హైమవతి వెనక నిలబడి చూస్తోంది. ఈ దిగుడు దాటితే తీర్పుయంత్రం నింగిపట్టా ఇస్తుంది. రేపు అసలు విమానం.

ఈ పెట్టెల్ని తిట్టిపోయడానికి హైమవతికి మనసొప్పదు. భిన్నాలంటే పారిపోయే చేతన ఇప్పుడు ఇంధనం ఎంత దూరానికి సరిపోతుందో నోటిలెక్కగా చెబుతోంది. మబ్బును చూసి గాలి ఎటు తిరుగుతుందో పట్టేస్తోంది. అదంతా ఆట నేర్పిందే. ఆట ఇంకొకటి కూడా నేర్పింది.

విమానం కూలబోతే ఎడమ మూల ఎర్ర మీట నొక్కాలి. నొక్కగానే విమానం మళ్లీ ఆకాశంలో ఉంటుంది. ఎంత త్వరగా నొక్కితే తీర్పుయంత్రం అంత ఎక్కువ మార్కులు కలుపుతుంది. భయమెందుకు, మీట ఉందిగా అని ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పింది హైమవతే. మధులతకూ చెప్పింది. నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్న పిల్ల. మొన్న వేసవిలో, ఇలాంటి గాలికే, అసలు విమానంలో మధులత చెయ్యి విమానాన్ని నడిపే కర్ర వదిలేసి, ఎడమ మూల మీటే లేని వట్టి రేకును నాలుగుసార్లు నొక్కింది. ఆ పిల్ల మిగల్లేదు. పట్టా మీద సంతకం హైమవతిది.

ఇవాళ పొద్దున్నే వచ్చి ఏడో పెట్టెలో ఆ మీట విప్పేసింది.

విమానం ఒరిగింది. చేతన చెయ్యి ఎడమ మూలకు పోయి తడుముకుంది.

"మేడం, మీట ఏది?"

"ఇయ్యాల లేదమ్మా. కర్ర పట్టుకో."

"పడిపోతన్నా మేడం."

"పడేదాకా వదలబాక."

ఏడుస్తూనే రెండు చేతులా పట్టుకుంది. విమానం దారి తప్పి మిరపచేలో దిగింది. చక్రం ఒకటి ఊడింది, రెక్క నేలను గీరింది, అడ్డంగా తిరిగి ఆగింది. తెర మీద దుమ్ము అణిగింది. పైలట్ కూర్చునే చోటు చెక్కుచెదరలేదు.

తీర్పుయంత్రం సున్నా వేసింది. మీట లేని పెట్టె చెల్లదని, వెంటనే బిగించకపోతే పరీక్షలన్నీ ఆపేస్తానని హెచ్చరించింది. హైమవతి అది చదవలేదు. పెట్టె పక్కనే కింద కూర్చుంది. ఇంతసేపే. మధులత చెయ్యి ఇంతసేపు కర్ర మీద ఉంటే ఆ పిల్ల బతికేది.

"నేను ఫెయిలా మేడం?" అంది చేతన కళ్లు తుడుచుకుంటూ.

కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది హైమవతి. లేచి, స్క్రూడ్రైవర్ తీసుకుని ఎనిమిదో పెట్టెలోని ఎర్ర మీట దగ్గరికి నడిచింది.